సగం ఫీజు లాయరమ్మ

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట మీకు వినపడదు. కాళ్ళు చాపుకునేవాళ్ళు చాపుకోండి, గోడకి ఆనుకునేవాళ్ళు ఆనుకోండి, కానీ మధ్యలో లేచి వెళ్ళారంటే మాత్రం మళ్ళీ మొదట్నుంచి చెప్పను. ఇది ఒక టైలరమ్మ ఇల్లు కొనుక్కున్న కథ. ఇల్లు ఎవరైనా కొంటారు, అందులో ఏముంది? ఆ ఇంటి కోసం లాయర్ని ఎలా కుదుర్చుకుందో, కుదుర్చుకున్నాక ఎందుకు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా రోడ్డు మీద పరుగెత్తిందో, అదీ కథ.

టైలరమ్మ మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడతాడని కండక్టర్లు నవ్వేవాళ్ళు. వాళ్ళుండేది అద్దె పోర్షను. అందులో టైలరమ్మ మిషను ఎక్కడుండేదనుకున్నారు? మెట్ల కింద. పట్టపగలు లైటు వేసుకుని కుట్టేది. నల్ల గుడ్డ మీద నల్ల దారం పడిందంటే చాలు, కళ్ళు చికిలించి చికిలించి సాయంత్రానికి తల బద్దలయ్యేది. పైవాళ్ళు మెట్లెక్కినప్పుడల్లా నెత్తిన సున్నం రాలేది. తెల్ల గుడ్డలు కుట్టినరోజు మాత్రం ఆ సున్నం కనపడక ఆమెకి కొంచెం హాయి. అందుకే ఆమె దృష్టిలో ఇల్లంటే నాలుగు గోడలు కాదు. ఒక కిటికీ. వెలుతురొచ్చే కిటికీ, దాని కింద మిషను. అంతే.

అలాంటి కిటికీ ఉన్న ఇల్లు ఒకటి అమ్మకానికొచ్చింది. బేకరీ ఆయనది. బేకరీ మీదే కొత్తగా గదులు వేసుకుని అక్కడికి మారిపోతున్నాడు. మొగుడూ పెళ్ళాం చూడ్డానికెళ్ళారు. ముందుగది మామూలు, పడకగది మామూలు, వంటగది మరీ మామూలు. వంటగది దాటి వెనక్కి వెళ్తే ఒక చిన్న గది ఉంది. ఆ గదికి నడుం ఎత్తు నుంచి పైదాకా కిటికీ! తెల్లటి ఎండ నేలమీద పరుపు పరిచినట్టు పడి ఉంది. టైలరమ్మ సంచీలోంచి సూదీ దారం తీసి, అక్కడే నిలబడి, దారం ఎక్కించింది. ఒక్క దెబ్బకి ఎక్కింది. తీసి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఒక్క దెబ్బే.

"ఏమండీ, ఇదేనండీ మన ఇల్లు" అంది.

"మిగతా గదులు సరిగ్గా చూడలేదుగా" అన్నాడు డ్రైవరు.

"చూశాను. గోడలున్నాయి. చాలు."

ఇప్పుడు డ్రైవరు ఇంటివాళ్ళ అలవాటు ఒకటి మీకు చెప్పాలి. వాళ్ళ ఇంటావంటా బేరం. ఏ వస్తువు కొన్నా సరే, ఇంటికి తెచ్చి మంచమ్మీద పెట్టి, అందర్నీ కూచోబెట్టి, బేరం ఎలా ఆడారో మొదలు నుంచి తుదిదాకా చెప్పాలి. కొట్టువాడు ఏమన్నాడు, మనం ఏమన్నాం, ఎక్కడ వెనక్కి తిరిగాం, ఎక్కడ వాడు మళ్ళీ పిలిచాడు, అన్నీ. వినేవాళ్ళు ఆహా ఓహో అనాలి. వీళ్ళందరికీ పెద్ద తలకాయ డ్రైవరు అక్కగారు, అంటే టైలరమ్మకి వదినగారు. పక్క పోర్షన్లోనే ఉండేది. ఆవిడ బేరానికి దిగితే కొట్టువాళ్ళు ముందే మంచినీళ్ళు తాగి కూచునేవాళ్ళు. పాపం, డ్రైవరు ఒకసారి వానలో తడుస్తూ ఒక గొడుగు చెప్పిన ధరకి కొనేశాడు. అంతే! ఆ రోజునుంచీ వాళ్ళ ఇళ్ళల్లో అతని పేరు గొడుగు. "గొడుగొచ్చాడా?" "గొడుగు అన్నం తిన్నాడా?" ఆ గొడుగేమో ఊచలు వంగి, గుడ్డ వెలిసి, అప్పటికీ అక్కగారింట్లో మేకుకి వేలాడుతూ ఉండేది, చూసి బుద్ధి తెచ్చుకోవడానికి.

ఇల్లు నచ్చింది, ధర కుదిరింది, బ్యాంకు అప్పు ఇస్తానంది. ఇక లాయరు. బేకరీ ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు కదా, "లాయరుకి మీరు ఖర్చు పెట్టుకోకండి చెల్లెమ్మా. మా లాయరున్నాడు. రెండు వైపులా ఆయనే చూస్తాడు. మీరు దమ్మిడీ ఇవ్వక్కర్లేదు."

వదినగారి కళ్ళు మెరిశాయి. "ఊరికే వస్తుంటే వద్దనడానికి నోరెలా వస్తుందే? తీసుకో!"

ఎప్పుడూ మాట్లాడని డ్రైవరు అప్పుడు మాట్లాడాడు. "అక్కా, అటు వెళ్ళే బస్సూ ఇటు వచ్చే బస్సూ ఒకే డ్రైవరు ఒకేసారి నడపలేడు."

"గొడుగుకి కూడా మాటలొచ్చాయే!" అంది అక్కగారు. కానీ ఆ మాట ఆవిడకీ ఎక్కింది. మళ్ళీ ఆ లాయరు ఊసెత్తలేదు.

తర్వాత పెద్ద ఆఫీసుకెళ్ళారు. అద్దాల తలుపులు, చల్లటి గాలి, సోఫాలో కూచుంటే లేవలేం. అక్కడ గంటల లెక్కన ఫీజు. ఫోను చేసి ఒక్క ముక్క అడిగినా అది కూడా బిల్లులో పడుతుందని గుమస్తా మర్యాదగానే చెప్పాడు. "అయితే మీ సారు దగ్గినా మీటరు తిరుగుతుందా నాయనా?" అని వదినగారు అడిగేసరికి గుమస్తా కూడా నవ్వాపుకోలేకపోయాడు. చివరికి ఎంతవుతుందండీ అంటే, పని పూర్తయ్యాక తెలుస్తుందన్నాడు. గుడ్డ కత్తిరించాక ధర చెబుతానంటే ఏ కస్టమరు ఒప్పుకుంటుంది? టైలరమ్మ సంచీ సర్దుకుంది.

మూడో మనిషే మన లాయరమ్మ. జిరాక్సు షాపు మీద గది. మెట్లెక్కుతుంటే కిందనుంచి వేడి కాగితం వాసన. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, అదే కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతోంది ఆవిడ. టైలరమ్మకి అక్కడే నచ్చేసింది.

లాయరమ్మ ఫీజు ఒకటే మాటగా చెప్పింది. ఆ ఫీజుకి ఏమేం చేస్తుందో వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. ఇల్లు ఎవరి చేతినుంచి ఎవరి చేతికొచ్చిందో చూడటం, దానిమీద అప్పులూ పన్నులూ బాకీ ఉన్నాయేమో చూడటం, స్థలం దగ్గరికెళ్ళి కొలతలు వేయించడం, చుట్టుపక్కలవాళ్ళని అడగటం, అగ్రిమెంటు రాయడం, రిజిస్ట్రేషను రోజున పక్కన నిలబడటం.

"అంతా కలిపి ఇంతే. మధ్యలో మళ్ళీ అడగను" అంది.

మంచి మాటే. మంచి ఫీజే. కానీ పక్కన వదినగారు మోచేత్తో పొడుస్తోంది కదా! టైలరమ్మ గొంతు సవరించుకుంది. "సగం చేసుకోండి మేడమ్."

"సగమా?"

"కష్టపడి కుట్టుకునేదాన్ని. మీ ఆడకూతుర్నే అనుకోండి."

"ఆడకూతురనుకుంటే అసలు ఫీజే తీసుకోకూడదు. అప్పుడు నేను అద్దె ఎలా కట్టను తల్లీ?" లాయరమ్మకీ సరదాగానే ఉంది.

"మీ దగ్గరికి కస్టమర్లని పంపిస్తాం. మా బస్సు రూటంతా చెప్పిస్తాం. చెప్పండీ మీరు!" అని మొగుణ్ణి చూసింది. డ్రైవరు నేల చూపులు చూశాడు.

టైలరమ్మ లేచింది. తలుపుదాకా వెళ్ళింది. మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"సరే రండి" అంది లాయరమ్మ. "సగానికే చేస్తాను. కానీ వినండి, ఫీజు తగ్గితే పనీ తగ్గుతుంది. కాగితాలవరకు చూస్తాను, అగ్రిమెంటు రాస్తాను. మిగతావి..."

మిగతావి ఎవరు విన్నారు? సగం అన్న మాట చెవిలో పడ్డాక టైలరమ్మ గాల్లో తేలిపోయింది. అలాగే మేడమ్, అలాగే మేడమ్ అంటూ తలూపేసింది. మెట్లు ఎలా దిగిందో కూడా తెలీదు. ఇంటికొచ్చి మంచమ్మీద కూచుని కథంతా చెప్పింది, మెట్టు మీద కాలు పెట్టిన చోటు రెండుసార్లు చెప్పింది. వదినగారు ఆమె బుగ్గలు పుణికి, "లాయర్నే బేరమాడావంటే నువ్వు నన్ను మించిపోయావే మరదలా!" అంది. అంతటి మాట ఆ నోటినుంచి అంతకుముందు ఎవరికీ రాలేదు.

కొన్నాళ్ళకి లాయరమ్మ కబురు చేసింది. కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఎల్లుండి అగ్రిమెంటు, అడ్వాన్సు సిద్ధం చేసుకోండి అని. ఇక టైలరమ్మ సంబరం చూడాలి! కర్టెన్లకి గుడ్డ కొలిచింది, మిషనుకి నూనె వేసింది, పనేమీ లేకపోయినా మొగుడి యూనిఫాం మళ్ళీ ఇస్త్రీ చేసింది.

మర్నాడు మధ్యాహ్నం బ్యాంకు మేడమ్ గారి అమ్మాయి గౌను కత్తిరించడానికి కూచుంది. ఆ బ్యాంకు మేడమ్ కూడా తక్కువ తిన్నదేం కాదు. ఎదిగే పిల్ల కదా, గౌను కాస్త ఎక్కువకాలం రావాలి అంటూనే కుట్టుకూలి సగానికి సగం కోసేసింది. టైలరమ్మ సరేలెండి అంది. అని ఇప్పుడేం చేస్తోంది? సుద్దముక్కతో గీత గీస్తోంది. ఎప్పుడూ పిల్లల గౌన్లకి లోపల కుట్టు పక్కన రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదులుతుంది. అంచు కింద బెత్తెడు మడత పెడుతుంది. పిల్ల ఎదిగితే విప్పి వదులు చేసుకోవచ్చు, పొడుగు చేసుకోవచ్చు. అలా మడిచి చేతికుట్టు వేయడానికి మిషను మీదకన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఈ గౌనుకి మాత్రం ఆమె చెయ్యి దానంతటదే కుట్టుకి ఆనుకుని గీత గీసేసింది. మడత లేదు, మార్జిన్ లేదు. పైకి చూస్తే గౌను గౌనులాగే ఉంటుంది. ఇచ్చిన కూలికి ఇంతే వస్తుంది మరి. పిండి కొద్దీ రొట్టె!

కత్తెర తెరిచింది. గుడ్డమీద పెట్టింది. ఆగిపోయింది.

"అమ్మో" అంది పైకే.

మిగతావి. ఆ లాయరమ్మ మిగతావి అని ఏదో చెప్పింది. ఏమిటవి? తను ఒక్క ముక్క కూడా వినలేదే! తన ఇంటికి లోపల మార్జిన్ ఎక్కడ కత్తిరించారో!

అంతే, కత్తెర అక్కడే పడేసింది. మెడలో టేపు మెడలోనే ఉంది, జుట్టులో సుద్దపొడి. వాకిట్లో చెప్పులు వేసుకుంటే ఒకటి తనది, ఒకటి వదినగారిది. పరుగే పరుగు! దారిలో ఎదురొచ్చిన బస్సు చూస్తే మొగుడిదే. బస్సుకి చెయ్యడ్డం పెట్టి ఎక్కేసి, "జిరాక్సు షాపు దాకా పోనివ్వండి, తొందరగా!" అంది. ఎక్కడా హారన్ కొట్టని మనిషి ఆ రోజు దారిపొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు.

"మేడమ్, సగంలో మీరు తీసేసింది ఏమిటి?" అని ఆయాసపడుతూ అడిగింది.

లాయరమ్మ ఆశ్చర్యపోయింది. "ఆ రోజే చెప్పానుగా. స్థలం చూడటం, కొలతలు, పక్కవాళ్ళని అడగటం. అలాగే మేడమ్ అన్నారు కూడా."

"అన్నాను. చెవులు ఇంట్లో పెట్టొచ్చాను." చెంపలు వేసుకుంది. "పూర్తి ఫీజు ఇస్తాను. మీరు అడిగినంతా. పదండి, ఇప్పుడే కొలుద్దాం."

లాయరమ్మ ఆమె మొహం చూసి, మెడలో టేపు చూసి, కళ్ళజోడు కిందకి దించుకుంది. "ఆ టేపు చాలదు తల్లీ. కొలతలాయన్ని పిలుస్తాను. మీరు ఒక కొస పట్టుకుందురుగాని."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే అందరూ బేకరీ ఆయన ఇంటి దగ్గర చేరారు. డ్రైవరు డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. ముందునుంచి కొలుచుకుంటూ వెనక్కి వచ్చారు. ముందుగది సరి. పడకగది సరి. వంటగది గోడ దగ్గర కొలతలాయన ఆగి, ప్లాను తిప్పి చూసి, మళ్ళీ కొలిచాడు.

"మీ స్థలం ఈ గోడతో ఐపోయింది" అన్నాడు.

ఆ గోడ అవతలిదే కిటికీ గది! టైలరమ్మ సూదికి దారం ఎక్కించిన గది!

ఈ సందడి విని వెనకింటి పశువుల డాక్టరు గోడమీంచి తొంగిచూశాడు. కోటుకి ఒక్క గుండీ కూడా లేదు. లాయరమ్మ నమస్కారం పెట్టి, ఈ గది ఎవరి స్థలంలో ఉందండీ అని సూటిగా అడిగింది.

"నాదే" అన్నాడాయన హాయిగా. "కాస్త గది వేసుకుంటానంటే వేసుకోమన్నాను. రోజూ పొద్దున్నే వేడి బ్రెడ్డు పంపిస్తాడు. బ్రెడ్డు వస్తున్నంతకాలం గది ఆయనది. ఆ రోజుల్లో అలాగే అనుకున్నాం." పకపకా నవ్వాడు.

"మరి నేను కొంటే?" అంది టైలరమ్మ. "నాకు బ్రెడ్డు చేయడం రాదే!"

డాక్టరు నవ్వు ఆపి గడ్డం గోక్కున్నాడు. "అది ఆలోచించలేదమ్మా. నేను కూడా ఎప్పుడో ఒకప్పుడు అమ్మేసి వెళ్ళేవాణ్ణే. కొన్నవాడు ఊరుకుంటాడా ఏం, గోడ తీసెయ్యమంటాడు."

బేకరీ ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు! దీనికోసం ఇంత రాద్ధాంతమా? నాకు ఇంకో పార్టీ కాచుకునుంది. మీకు వద్దంటే చెప్పండి, రేపే వాళ్ళకి ఇచ్చేస్తాను."

టైలరమ్మకి ఇల్లు చేతిలోంచి జారిపోతున్నట్టే ఉంది. పర్లేదులెండి, ఇలాగే తీసుకుంటాం అనే మాట నోటిదాకా వచ్చేసింది. లాయరమ్మ ఆమె చెయ్యి మెల్లగా నొక్కింది.

"ఇవ్వండి బాబూ" అంది లాయరమ్మ, చాలా నెమ్మదిగా. "ఎవరికిచ్చినా గోడ ఇక్కడే ఉంటుంది. కొలత మారదు కదా. వాళ్ళకి ఇప్పుడు చెప్పకపోతే, తర్వాత మీ బేకరీ దాకా వెతుక్కుంటూ వస్తారు. అదేదో తెలిసినవాళ్ళతోనే తేల్చుకోవచ్చుగా?"

బేకరీ ఆయన కాసేపు బుసలు కొట్టాడు. తర్వాత గోడకి ఆనుకుని, నుదురు కొట్టుకున్నాడు. "నిజంగా మర్చేపోయాను చెల్లెమ్మా. రోజూ బ్రెడ్డు పంపించి పంపించి, అది బాకీ అన్న సంగతే మర్చిపోయాను. వేడి బ్రెడ్డు పంపడం పక్కింటి ప్రేమ అనుకున్నాను." మోసగాడేం కాదు, అలవాటుపడిన మనిషి.

అక్కడే గోడకి అటూ ఇటూ నిలబడి తేల్చారు. గది ఉన్నమేర స్థలం డాక్టరు టైలరమ్మ పేర రాసివ్వాలి. దాని ధర బేకరీ ఆయన ఇల్లమ్మిన డబ్బులోంచి పెట్టుకోవాలి. డాక్టరు సరేనన్నాడు గానీ మొహం కొంచెం వాడింది. "మరి నా బ్రెడ్డు?"

"మీ కోటుకి గుండీలన్నీ కుట్టిపెడతాను డాక్టరుగారూ, జన్మంతా!" అంది టైలరమ్మ.

"ఆ ముక్క అగ్రిమెంటులో రాయమంటారా?" డాక్టరు లాయరమ్మ వైపు తిరిగాడు.

"వద్దు గాక వద్దు!" లాయరమ్మ రెండు చేతులూ ఊపేసింది. "ఒక బ్రెడ్డుతోనే ఇంత పనైంది. స్థలం స్థలమే, గుండీలు గుండీలే. గుండీలు మీరూ మీరూ చూసుకోండి."

అగ్రిమెంటు కొన్ని రోజులు వెనక్కి జరిగింది. కానీ జరిగింది! రిజిస్ట్రేషను రోజు లాయరమ్మ పక్కనే నిలబడి, ఎక్కడెక్కడ సంతకమో వేలుపెట్టి చూపించింది. కిటికీ గది కూడా టైలరమ్మదే అని రాసి ఉన్న చోట ఇంకొంచెంసేపు వేలు ఉంచింది. టైలరమ్మకి అక్కడ అక్షరాలు మసకబారాయి, ఈసారి మాత్రం చీకటివల్ల కాదు.

సామాను దించిన రోజు ఇల్లంతా జనం. అన్నిటికన్నా ముందు మిషను లోపలికెళ్ళింది, కిటికీ కింద కూచుంది. వదినగారు మంచమ్మీద చతికిలబడి, అందరూ వింటుండగా అడిగేసింది. "ఇంతకీ మరదలా, ఆ లాయరుకి చివరికి ఎంతకి తెగ్గొట్టావ్?"

టైలరమ్మ మిషను మీద చెయ్యి వేసింది.

"తెగ్గొట్టలేదు వదినా. అడిగినంతా ఇచ్చాను. రూపాయి తగ్గకుండా."

వదినగారు లేచి బయటికెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకున్నారు అందరూ. కాసేపటికి తిరిగొచ్చింది, చేతిలో ఆ ఊచలు వంగిన గొడుగు! తెచ్చి టైలరమ్మ చేతిలో పెట్టి, "ఇదిగో, మొగుడూ పెళ్ళాం కలిసి పట్టుకోండి, ఇద్దరికీ సరిపోతుంది" అంది. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. డ్రైవరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ గందరగోళంలో వదినగారు మరదలి చెవి దగ్గరికి వంగి, "ఆ లాయరమ్మ నంబరు నాకూ కాస్త ఇవ్వవే. మెల్లగా చెప్పు, వీళ్ళు వింటారు" అంది.

మరి బ్యాంకు మేడమ్ గౌను? ఆ సుద్దగీత చెరిపేసి, మడత వదిలి మళ్ళీ గీసింది టైలరమ్మ. ఆ గౌనుకి తగ్గించిన కూలే తీసుకుంది, మాటంటే మాటే కదా. కానీ ఆ తర్వాత ఎవరు బేరమాడినా, ఇలా చెప్పేది. "తగ్గిస్తానండీ. తగ్గిస్తే లోపలి గుడ్డ పోతుంది, పిల్ల ఎదిగితే విప్పుకోలేరు. మడత ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" చాలామంది ఒక్క క్షణం ఆలోచించి, ఉంచమనేవాళ్ళు.

ఇదీ కథ. నాకు చదువు లేదు, నేను రాసిపెట్టుకోలేను, అందుకని మీ తలకాయల్లో దాచిపెడుతున్నాను. రేపు మీరు ఇల్లు కొంటారు, మీ పిల్లలు కొంటారు. అప్పుడు వాళ్ళని ఇలాగే దగ్గరికి పిలిచి చెప్పండి. తొందరగా ఉంది, కాస్త తగ్గించి చెప్పమంటారు వాళ్ళు. తగ్గించకండి. సుద్దగీత, మారిపోయిన చెప్పులు, డాక్టరు గుండీలు, అన్నీ చెప్పండి. ఈ ఒక్కదాంట్లో మాత్రం బేరం వద్దు.